అప్‌డేట్: కీబోర్డు రికార్డింగ్‌లో గుయ్యిమనే మోత పోయింది

పాటలు వాయించే ఎలక్ట్రానిక్ కీబోర్డు హెడ్‌ఫోన్ జాక్ నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేస్తే, పాట పగిలిపోయి వెనక గుయ్యిమని మోత వస్తోందని అడిగాను కదా. తేలింది. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

పగలడానికి కారణం ల్యాప్‌టాప్‌ది మైక్ జాక్ కావడం. సన్నటి సిగ్నల్ కోసం పెట్టిన దాంట్లోకి కీబోర్డు గట్టి సిగ్నల్ తోస్తున్నాను, పైగా అది మోనో, అంటే ఎడమ, కుడి శబ్దాలు వేరుగా తీసుకోదు. లైన్ ఇన్ (గట్టి సిగ్నల్ తీసుకునే జాక్) ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్లోకి పంపే పరికరం) కొని ఎడమ, కుడి రెండు వైర్లూ పెట్టాక శుభ్రంగా వచ్చింది. మోత మాత్రం అలాగే ఉంది! ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడమని ఒకరంటే అప్పట్లో నవ్వుకున్నాను. పీకగానే ఆగిపోయింది. గ్రౌండ్ లూప్ అట, అంటే వైర్లతో కలిపిన పరికరాల ఎర్త్‌లు ఒక చుట్టులా కలిసి మోత తెస్తాయి. ఇప్పుడు బ్యాటరీ మీదే రికార్డింగ్.

డ్రైవర్లు మార్చడం, ఆడాసిటీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం దండగ. కీబోర్డు యూఎస్‌బీ పోర్టూ అంతే, నా మోడల్లో అందులోంచి మిడి (ఏ మీట ఎప్పుడు నొక్కామన్న సమాచారం) మాత్రమే వెళ్తుంది, శబ్దం వెళ్లదు.