పేరు చెప్పొద్దన్న వ్యక్తి పంపిన లేఖను ఎలా తనిఖీ చేయాలి?

ప్రశ్న: వాట్సాప్‌లో ఒక అధికారిక లేఖ ఫొటో వచ్చింది. పంపినవారు తమ పేరు బయటపెట్టొద్దంటున్నారు. అసలుదేనని తేల్చేదెలా? కథనంతో ఆ ఫొటో వేయొచ్చా?

జవాబు 1: మామూలు ఫొటోగా పంపితే తీసిన సమయం, స్థలం వంటి వివరాలు చాలావరకు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఆ ఫైలును ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. లేఖ నంబరు వరుస, తేదీ, సంతకం చేసినవారు ఆ రోజు ఆ పదవిలో ఉన్నారా అన్నవి చూడండి. నకిలీలు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి.

జవాబు 2: రెండో సోర్సు తప్పనిసరి. కానీ ఇద్దరూ ఒకే ఫార్వర్డ్ చూసి చెబుతుంటే అది ఒక్క సోర్సే. "ఇది మీకెలా తెలిసింది?" అని విడివిడిగా అడగండి.

జవాబు 3: ఫొటో మాత్రం వేయొద్దు, దయచేసి! చాలా కలర్ లేజర్ ప్రింటర్లు కంటికి ఆనని పసుపు చుక్కల్లో సీరియల్ నంబరు, తేదీ ముద్రిస్తాయి. మడత, పెన్ను గీత కూడా మనిషిని పట్టిస్తాయి. అవసరమైన భాగం మళ్లీ టైప్ చేయండి. వివరణ కోరేటప్పుడూ ఆ లేఖ ఎవరి పేరుతో ఉందో ఆ కార్యాలయానికి కాపీ పంపకుండా విషయం మాత్రమే రాయండి.

ప్రశ్న వేసినవారు: ఎడిటర్‌కు పేరు చెప్పాలా?

జవాబు 3: చాలా న్యూస్‌రూముల్లో కనీసం ఒక ఎడిటర్‌కు తెలియాలి. ఆ సంగతి సోర్సుకు ముందే చెప్పి, ఒప్పుకున్నాకే మాట ఇవ్వండి.