ధాత కరువు: వైస్రాయి లిట్టన్ ప్రభుత్వ బాధ్యత ఎంత, మద్రాసు ప్రభుత్వ బాధ్యత ఎంత?

1876–78 నాటి ధాత కరువుకు వానలు లేకపోవడమే కారణమనే మిత్రులతో వాదన సాగుతోంది. వర్షాభావాన్ని నేనూ కాదనను. అయితే బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం ఆకలితో రాలిపోతుండగా ధాన్యం ఎగుమతులు ఆపని, 1877లో కరువు పరిశీలనకు వైస్రాయి ప్రభుత్వం పంపిన ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ మాట మేరకు కరువు పనుల్లోని మగవారి దినకూలిని ఒక పౌను (సుమారు 450 గ్రాములు) ధాన్యం వెలకూ, పైన కొద్దిపాటి చిల్లరకూ కుదించిన పాలనను ప్రకృతి చాటున దాచడం ఘోరమైన అన్యాయమని నా దృఢాభిప్రాయం. ఆ కూలితో మనిషి బతకలేడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ అప్పుడే అభ్యంతరం చెప్పారు కూడా.

నాకు తేలనిది ఒక్కటే. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం 1876లోనే ప్రభుత్వం తరఫున ధాన్యం కొనిపించగా వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం దానికి అడ్డు చెప్పింది కనుక, ఇద్దరినీ ఒకే గాటన కట్టవచ్చునా? ఆ మూడు జిల్లాల శిస్తు వసూళ్ల, మాఫీల లెక్కలు ఏ రికార్డుల్లో దొరుకుతాయో తెలిసినవారు దయచేసి తెలుపగలరు.