గ్లాస్గో బృందం బెల్ అండ్ సెబాస్టియన్ ఎలా ఎదిగింది?

ప్రశ్న: పెద్ద కంపెనీ అండ లేకుండా 1996లో మొదలైన ఈ ఇండీ పాప్ బృందం అంత త్వరగా శ్రోతలకు ఎలా చేరువైందో తెలిసినవారు దయచేసి వివరించగలరా?

మొదటి జవాబు: బృందం గాయకుడు, పాటల రచయిత స్టువర్ట్ మర్డాక్ దీర్ఘకాలిక అనారోగ్యంతో కొన్నేళ్లు ఇంటిపట్టునే ఉండిపోయి, ఆ కాలంలోనే పాటలు కట్టడం మొదలుపెట్టారు. నిరుద్యోగ సంగీతకారుల శిక్షణ తరగతిలో ఆయనకు బాస్ గిటార్ వాయించే స్టువర్ట్ డేవిడ్ పరిచయమయ్యారు. గ్లాస్గోలోని స్టో కాలేజీలో సంగీత వ్యాపారం చదివే విద్యార్థులు తమ ఎలక్ట్రిక్ హనీ లేబుల్‌పై (రికార్డులు విడుదల చేసే సంస్థ) ఏటా ఒక రికార్డు తెచ్చేవారు. మామూలుగా సింగిల్‌తో (ఒకటి రెండు పాటల రికార్డు) సరిపెట్టేవారే గాని, మర్డాక్ దగ్గర పాటలు దండిగా ఉండటంతో ఆ ఏడు ఏకంగా ‘టైగర్‌మిల్క్’ ఆల్బమే వచ్చింది. మూడు రోజుల్లో రికార్డు చేసిన ఆ ఆల్బమ్‌ను వెయ్యి ప్రతులే వేశారు.

రెండో జవాబు: ప్రతులు దొరకకపోవడమే వారికి కలిసొచ్చిందని నా అభిప్రాయం. 1999లో పునర్ముద్రణ అయ్యేదాకా అభిమానులు దానిని క్యాసెట్లలోకి ఎక్కించుకుని ఒకరికొకరు ఇచ్చుకున్నారు. పత్రికలకు ముఖం చాటేయడం కూడా ఆసక్తిని పెంచింది.

మూడో జవాబు: ఏమండీ, కొరత కుతూహలాన్ని రేపుతుంది గాని శ్రోతను నిలబెట్టదు. మర్డాక్ మెత్తని గొంతు వెనుక ఇసొబెల్ క్యాంప్‌బెల్ చెల్లో, మిక్ కుక్ ట్రంపెట్ వినిపించే ఆ కూర్పు నాటి బ్రిట్‌పాప్ (అప్పట్లో బ్రిటన్‌ను ఊపేసిన గిటార్ పాప్) హోరుకు పూర్తిగా భిన్నమైనది. పైగా 1996 చివర్లోనే జీప్‌స్టర్ లేబుల్ రెండో ఆల్బమ్‌ను దుకాణాలకు చేర్చింది. 1999లో ఉత్తమ నూతన బృందంగా బ్రిటన్ సంగీత రంగపు బ్రిట్ పురస్కారం అందుకున్నది శ్రోతల ఓట్లతోనే.