గ్రిడ్ బొమ్మలకే లైకులు, గ్రిడ్ తీస్తే పోలిక రాదు: ఉన్న టైమ్ ఎలా పంచుకోవాలి?

ప్రశ్న:
ఫొటో మీద గ్రిడ్ (చదరపు గడులు) వేసి గీసే పెన్సిల్ పోర్ట్రెయిట్లకి మంచి పేరొస్తోంది, ఆర్డర్లు కూడా అడుగుతున్నారు. గ్రిడ్ లేకపోతే మాత్రం పోలిక కుదరడం లేదు. వారానికి ఆరు గంటలే వీలు, ఒక్క ఏ4 బొమ్మకే అవి అయిపోతాయి. ప్రాక్టీసులో పడితే సోషల్ మీడియా పేజీలో పెట్టడానికేమీ ఉండదు. ఏం చేయమంటారు?

జవాబు:
గ్రిడ్ తప్పేం కాదండీ. కాకపోతే కొలిచే పనంతా అదే చేసేస్తుంది. గడిలో కనిపించే ముక్కని దించుతూ పోతాం కాబట్టి దవడ వాలు, కళ్ల మధ్య ఎడం కంటికి అలవాటు కావు. అందుకే ఒకే ఫొటోని రెండుసార్లు వాడండి. ముందు గ్రిడ్ లేకుండా, హెచ్‌బీ పెన్సిల్‌తో, 20 నిమిషాల్లో కొలతలు మాత్రమే. నడినెత్తి నుంచి గడ్డానికి దాదాపు సగంలో కళ్ల గీత పడాలి. జుట్టు ఉబ్బు లెక్కలోకి రాదు, తల వంచిన ఫొటోకి ఈ లెక్క పనిచేయదు. తర్వాత మీ గీతని ఎదురుగా నిలబడి ఫొటో తీసి, అసలు ఫొటో మీద 50 శాతం ఒపాసిటీతో, అంటే కిందిది సగం కనిపించేలా, పరిచి చూడండి. చాలామందికి కళ్లు పైకి జరిగి, నుదురు కుంచించుకుపోతుంది. నుదుట్లో గీయడానికేమీ ఉండదు కదా, తెలియకుండానే తగ్గించేస్తాం. అది చూసుకున్నాకే గ్రిడ్ వేసి ఫైనల్ బొమ్మ మొదలుపెట్టండి.

మరో జవాబు:
పద్ధతి మంచిదే, కానీ ఫైనల్ పక్కన పెట్టొద్దు. షేడింగ్, అంచులు మెత్తబరచడం పూర్తి బొమ్మల్లోనే వస్తాయి. సైజు తగ్గించండి. ఏ5 అంటే ఏ4లో సగం, మిగిలిన టైమ్ కొలతలకి. ముదురు నీడ కోసం 6బీ లాంటి మెత్తటి పెన్సిల్‌ని గట్టిగా నొక్కకండి, కాగితం గరుకు అణిగి మెరుస్తుంది, ఆపైన పొర ఎక్కదు. 2బీ, 4బీ పలచగా పొరలు వేసుకుంటూ వెళ్లండి.

ఇంకో జవాబు:
ఆర్డర్లకి నిశ్చింతగా గ్రిడ్ వాడుకోండి, డబ్బిచ్చేవాళ్లకి పోలికే ముఖ్యం. వాళ్లు సెల్ఫీ పంపితే మాత్రం ఒప్పుకోవద్దు. దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫొటో అడగండి. పోటీలకి పంపేదైతే ఫొటో తీసినవాళ్ల అనుమతి ముందే తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఓవర్లేలో (ఫొటో మీద పరిచి చూసినప్పుడు) దొరికిన తప్పుల్ని అదే కాగితం మీద దిద్దాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వద్దండీ. ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి, మర్నాడు కొత్త కాగితం మీద అదే ముఖం మళ్లీ గీయండి. అప్పుడూ కళ్లు పైకే వెళ్తే వారమంతా ఆ ఒక్క కొలతే పట్టుకోండి.