కుందలహళ్లిలో 16 వేలకే 2 బీహెచ్‌కే, ఇల్లు చూడకముందే డబ్బు కట్టమంటున్నారు. నమ్మొచ్చా?

సీమ_కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది అనంతపురం. వచ్చే నెల ఒకటో తారీఖున బెంగళూరు ఐటీపీఎల్ టెక్ పార్కులో ఉద్యోగంలో జాయిన్ అవ్వాలి. నేనూ మా అమ్మా ఉంటాం. చేతికొచ్చేది 42 వేలు, అద్దెకి 16 వేలు మించి పెట్టలేను.

రెండు వారాలు ఫోన్లో వెతికితే కుందలహళ్లి గేట్ దగ్గర గేటెడ్ సొసైటీలో ఒకటి దొరికింది. సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అన్నీ ఉన్నాయి. అడ్వాన్స్ 30 వేలే. ఓనర్ ఆర్మీలో పనిచేస్తాడంట, జమ్మూకి ట్రాన్స్‌ఫర్ అయిందంట. అడక్కుండానే ఐడీ కార్డు, ఆధార్, యూనిఫాంలో ఫొటో పంపాడు. ఇల్లు చూడాలంటే సొసైటీ విజిటర్ పాస్‌కి 2,500 కట్టాలంట, చూసి బయటికొచ్చేటప్పుడు తిరిగిచ్చేస్తారంట. సాయంత్రం లోపు కట్టకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానంటున్నాడు.

బ్రోకర్‌కి నెల అద్దె పోసే కన్నా ఇదే నయం అనిపిస్తోంది. మా అమ్మేమో "చూడని ఇంటికి దుడ్లేంది రా" అంటోంది. ఏం చెయ్యమంటారు?

హూడి_పాతకాపు:
తమ్ముడూ, కట్టొద్దు. అమ్మ మాట విను.

2022 జూన్‌లో ఇదే పాస్‌కి నేను 3,500 కట్టాను. కట్టి, మిట్టమధ్యాహ్నం ఆ సొసైటీ గేటు దగ్గర నిలబడి ఫోన్ చేస్తే, "పాస్ స్కాన్ అవ్వట్లేదు, నెల అద్దె కూడా వెయ్యండి, రెండూ కలిపి వెనక్కొస్తాయి" అన్నాడు. దానికి కూడా సిద్ధపడ్డాను, అదీ నా తెలివి. వాచ్‌మన్ ఫోన్ తీసుకుని మెసేజ్ చదివి, "ఎఫ్ బ్లాక్ అని రాశాడు సార్. మాకున్నవి నాలుగే, డీతో అయిపోతాయి. పొద్దున్నుంచి మీరు మూడోవారు" అన్నాడు. పాపం, కుర్చీ వేసి మంచినీళ్లు కూడా ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఫొటోలు మళ్లీ చూసుకున్నా. హాల్లో తెల్ల టైల్సు, బెడ్‌రూంలో చెక్క ఫ్లోరింగు, వంటింట్లో ప్లగ్ పాయింటు అసలు మన దేశంలోదే కాదు! ముందు రోజు అవే ఫొటోలు మా ఆవిడకి చూపించి మురిసిపోయాను.

యూనిఫాం చూస్తే మనం ఎదురు ప్రశ్న వెయ్యం, అందుకే ఆర్మీ పేరు. ఆ ఐడీ కార్డు కూడా వాడిదై ఉండదు. ఇంకోటి, వెనక్కి వేస్తానని క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. మనకి డబ్బు రావడానికి పిన్‌తో పనే లేదు. పిన్ కొడితే పోయేదే. ఇప్పటికే కట్టేసుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. తొందరగా చేస్తే డబ్బు బ్యాంకులోనే ఆపే అవకాశం ఉంటుంది. నేను సిగ్గుపడి నాలుగు రోజులు ఆగాను, ఒక్క రూపాయి రాలేదు.

16 వేలకి ఆ చుట్టుపక్కల గేటెడ్ 2 బీహెచ్‌కే మర్చిపో. హూడి, గరుడాచార్‌పాళ్య సందుల్లో ఓనర్ కిందుండి పైన కట్టిన ఇళ్లల్లో 1 బీహెచ్‌కే చూడు. ఆదివారం పొద్దున్నే నడుచుకుంటూ టు లెట్ బోర్డులు చూడాలి. నా ఇల్లు ఇస్త్రీ బండి ఆయన చెప్పాడు. మదనపల్లె ఆయన. ఏ ఇంట్లో ఎవరు ఖాళీ చేస్తున్నారో బ్రోకర్ కన్నా ముందు ఆయనకే తెలుస్తుంది, బట్టలు ఇస్తారు కదా.

ఇల్లు నచ్చాక బెస్కాం కరెంటు బిల్లు, ప్రాపర్టీ టాక్స్ రసీదు అడుగు. వాటిమీది పేరూ, నీ దగ్గర డబ్బు తీసుకునే మనిషి పేరూ ఒకటేనా చూడు. నీళ్ల సంగతి మాత్రం ఓనర్‌ని కాదు, పక్కింటివాళ్లని అడుగు: కావేరినా, బోరా, ట్యాంకరా? 2024 వేసవిలో మా సందులో ట్యాంకర్ కోసం జరిగిన గొడవలు నేనింకా మర్చిపోలేదు.

వైట్‌ఫీల్డ్_వదిన:
అడ్వాన్స్ సంగతి కూడా చెప్పండి అతనికి. పది నెలల అద్దె అడగడం ఇక్కడ పాత అలవాటు, బేరమాడితే ఐదారుకి దిగుతారు. రెండు నెలలే తీసుకోవాలని 2021లో కేంద్రం తెచ్చింది నమూనా చట్టం, రాష్ట్రం తెచ్చుకుంటేనే పనికొచ్చేది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కోస్తారు, ఎంతో అగ్రిమెంట్‌లో ముందే రాయించుకో బాబూ.

అద్దె లేకుండా లీజు, అంటే ఒకేసారి పెద్ద మొత్తం కట్టి ఖాళీ చేసేటప్పుడు వెనక్కి తీసుకోవడం, అని ఎవరైనా అంటే ఇంకా జాగ్రత్త. మా చిన్నాన్న కొడుకు ఓ ఏజెన్సీకి 11 లక్షలు కట్టాడు. వాళ్లు ఓనర్‌కి మాత్రం నెలనెలా అద్దెకిచ్చామని చెప్పి, వీడి డబ్బులోంచే అద్దె పంపేవారు. తొమ్మిదో నెల నుంచి ఆపేశారు. ఓనర్ వచ్చి తలుపు కొట్టి "ఎవరు మీరు?" అన్నాడు. ఓనర్ సంతకం లేని కాగితం పట్టుకుని ఇంకా తిరుగుతున్నాడు.

సీమ_కుర్రోడు:
అన్నా, వదినా, థాంక్స్. డబ్బు కట్టలేదు. వీడియో కాల్ చేసి ఇల్లు చూపించమన్నా. డ్యూటీలో ఉన్నానన్నాడు, పోనీ మీ బ్లాక్ పేరు చెప్పమంటే బ్లాక్ చేసేశాడు. ఆదివారం అమ్మని తీసుకుని వస్తున్నా. ఆ ఇస్త్రీ బండి ఏ సందులో ఉంటుంది?

హూడి_పాతకాపు:
మెజెస్టిక్‌లో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కు, హూడి దాకా మారే పని లేదు. స్టేషన్ బయటికొచ్చి ఇక్కడే మెసేజ్ పెట్టు, నేనొస్తా. ఆయన పదిన్నరకి బండి కట్టేస్తాడు, అంతకు ముందే రా.