చెన్నై వేళచ్చేరి బాల్కనీలో గడ్డిగులాబీ: కాడలు సాగుతున్నాయి, పూలు లేవు

ప్రశ్న (వేళచ్చేరి):
మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ. ఎదుటి అపార్ట్‌మెంటు పుణ్యమా అని ఎండ రెండు గంటలకు మించదు. వెడల్పాటి మట్టితొట్టిలో గడ్డిగులాబీ వేశాను. కాడలు సన్నగా సాగి అంచు దాటి వేలాడుతున్నాయి, మొగ్గ మాత్రం లేదు. వారం వారం పేడ ఎరువు వేస్తూనే ఉన్నాను. ఇంకేమి వేయాలండీ?

జవాబు (పెరంబూరు):
ఏమీ వేయకండి, వేస్తున్నది కూడా ఆపండి! దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క ఇది, బీద నేలకు అలవాటు పడింది. నత్రజని ఎక్కువైతే ఆకే పెరుగుతుంది. అసలు లోటు ఎండ. రోజుకు ఆరు గంటలైనా నేరుగా పడాలి. తొట్టిని మేడ మీదికి చేర్చండి. సాగిన కాడలను సగానికి కత్తిరించి, ఆ ముక్కలను ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. వేర్లు పట్టడానికి ఏ మందూ అక్కర్లేదు. గంగపాయల కూరకు దగ్గరి చుట్టం కదా, ఆ మొండితనం దీనికీ ఉంది. మట్టి పైపొర పొడిగా తగిలాకే నీళ్లు పోయండి.

జవాబు (తాంబరం):
మేడ సరే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఈశాన్య రుతుపవనాల సంగతో? తొట్టిలో నీరు నిలిస్తే కాండం మొదలు కుళ్లిపోతుంది. నేను కింద ఇటుకలు పెట్టి ఎత్తుతాను. ముసురు పడితే సన్‌షేడ్ కిందికి లాగేస్తాను.

ప్రశ్న అడిగినవారు:
మేడ తాళం అసోసియేషన్ కార్యదర్శిగారి దగ్గర ఉంది. ఆయనకు కుండీ కనబడితే చాలు, శ్లాబు కారుతుందని భయం. అడిగి చూస్తాను. మధ్యాహ్నానికే పూలు ముడుచుకుంటాయని పక్కింటి పిన్నిగారు అంటున్నారు, నిజమేనా?

జవాబు (పెరంబూరు):
నిజమే. మబ్బు పట్టిన రోజు సరిగా విప్పుకోనే విప్పుకోవు. ఆఫీసుకు వెళ్లేవారికి ఆదివారమే దిక్కు.