రాత్రిపూట ముఖం రెండుసార్లు కడగడం (డబుల్ క్లెన్సింగ్): ఎవరికి అవసరం, ఎక్కడ తేడా కొడుతుంది?

ప్రశ్న | వేపపూత

పగలు రోజూ వాటర్ రెసిస్టెంట్ ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్, వారంలో రెండు రోజులు ఫౌండేషన్, వాటర్‌ప్రూఫ్ కాటుక. జిడ్డు చర్మం. నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు, దురద. ఇంట్లో బోరు నీళ్లు. ముందు ఆయిల్ క్లెన్సర్, తర్వాత ఫేస్‌వాష్ వాడుతున్నప్పుడు మూడు సందేహాలు వచ్చాయి. ఇది రోజూ చేయాలా? మొదటి కడుగుకు కొబ్బరినూనె సరిపోదా? కడిగిన పది నిమిషాలకే బుగ్గలు లాగుతున్నాయి, తప్పు ఎక్కడుంది?

జవాబు | పనసతొన

చేతికి పనస జిగురు అంటితే నీళ్లతో ఎంత రుద్దినా పోదు, నూనె రాస్తేనే వదులుతుంది. ఇక్కడా అదే సూత్రం. చెమటకు, నీళ్లకు చెదరకుండా ఉండాలని వాటర్ రెసిస్టెంట్ సన్‌స్క్రీన్‌లో పొర కట్టే పాలిమర్లు కలుపుతారు. పగలంతా మనకు పనికొచ్చే ఆ గుణమే రాత్రి కడిగేటప్పుడు మొండికేస్తుంది. వాటర్‌ప్రూఫ్ కాటుకలో మైనం, సిలికోన్ ఉంటాయి కాబట్టి అదీ అంతే.

కాబట్టి ముఖం మీద ఇలాంటివి ఉన్న రోజు రెండు కడుగులు పెట్టుకోండి. ఇంట్లోనే ఉండి ఏమీ రాసుకోని రోజు ఒక్క ఫేస్‌వాష్ చాలు. పొద్దున పూట రెండోది అసలే వద్దు.

చాలామంది పొరపాటు చేసేది మధ్యలో, నూనెకు నీళ్లు కలిపే చోట. అందుకే వరసగా చెబుతాను. చేతులు, ముఖం రెండూ పొడిగా ఉండాలి, కాంటాక్ట్ లెన్సులుంటే ముందే తీసేయాలి. ఆయిల్ క్లెన్సర్ 2–3 మిల్లీలీటర్లు తీసుకోండి, గట్టిగా ఉండే క్లెన్సింగ్ బామ్ అయితే కుంకుడు గింజంత. బామ్ డబ్బాలో తడి వేలు పెట్టకండి, పాడవుతుంది. ముక్కు పక్కల, గడ్డం కింద, జుట్టు మొదళ్ల వెంట 40 సెకన్ల నుంచి నిమిషం దాకా మెల్లగా రాయండి. కళ్లు ఆఖరున, రెప్పలు మూసి, ఉంగరం వేలితో. కాటుక నల్లగా కరిగి కిందికి జారుతుంది, కంగారు పడకండి.

ఇప్పుడు ముఖం మీద నీళ్లు గుమ్మరించకండి. వేళ్లు మాత్రం తడిపి మళ్లీ రాయండి. నూనె పాలలా తెల్లబడుతుంది. రెండు మూడుసార్లు వేళ్లు తడుపుతూ ఇంకో 20–30 సెకన్లు రాశాక కడిగేయండి. నూనెను నీళ్లతో కలిపే ఎమల్సిఫయర్ అప్పుడే పని చేస్తుంది. ఈ మెట్టు వదిలేస్తే జిడ్డు పొర మిగిలిపోతుంది. దాన్ని వదిలించడానికి ఘాటైన ఫేస్‌వాష్‌తో రుద్దుతారు, చర్మం మండుతుంది, నెపం మాత్రం డబుల్ క్లెన్సింగ్ మీద పడుతుంది.

రెండో కడుగుకు బఠాణీ గింజంత ఫేస్‌వాష్ అరచేతిలో నురగ చేసి, 20–30 సెకన్లు రాయండి. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. తువ్వాలుతో అద్దండి, రుద్దొద్దు.

జవాబు | నల్లనువ్వు

కొబ్బరినూనె గురించి చెప్తాను. మేకప్‌ను అది బాగానే కరిగిస్తుంది, కానీ అందులో ఎమల్సిఫయర్ లేదు. ఎన్ని నీళ్లు పోసినా తెల్లబడదు, కడిగితే పోదు. తడిగుడ్డతో తుడవాల్సి వస్తుంది. రోజూ తుడుస్తూ పోతే ఆ రాపిడికి మన చర్మం బుగ్గల దగ్గర, నుదుటి పక్కల నల్లబడుతుంది.

పైగా మీరు చెప్పిన దురద పొక్కులున్నప్పుడు ఇంకా జాగ్రత్త. అన్నీ ఒకే సైజులో, జుట్టు అంచున గుంపుగా ఉంటే అవి మామూలు మొటిమలు కాకపోవచ్చు. చుండ్రుకు సంబంధించిన మలసేజియా ఫంగస్ వెంట్రుక కుదుళ్లలో పెరిగినా అలాగే వస్తాయి. ఆ ఫంగస్‌కు ఆహారం ఫ్యాటీ యాసిడ్లు. కొబ్బరినూనె, ఆలివ్ నూనె రెండూ దానికి విందు భోజనమే. మినరల్ ఆయిల్‌ను అది తినలేదు, అందుకని మినరల్ ఆయిల్ ఆధారంగా చేసిన క్లెన్సర్ చూసుకోండి. పొక్కులను మాత్రం ఒకసారి చర్మ వైద్యులకు చూపించండి. ఫంగస్ అయితే మందు వేరు, మొటిమల క్రీములతో తగ్గదు.

జవాబు | గోరువెచ్చన

బుగ్గలు లాగడానికి కారణం దాదాపు ఎప్పుడూ రెండో కడుగే. చర్మం పైపొర కొంచెం ఆమ్లంగా, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది (పీహెచ్ 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). మామూలు స్నానపు సబ్బు 9–10. దానికి బోరు నీళ్లు తోడైతే, అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. బకెట్ అంచున గీతలా పేరుకునేది అదే. ముఖం మీదా పేరుకుంటుంది. సబ్బు కలవని, పీహెచ్ 5.5 దరిదాపుల్లో ఉండే జెల్ క్లెన్సర్‌కు మారండి. మొదటి కడుగు బాగా కుదిరిన రోజు రెండోది నుదురు, ముక్కు, గడ్డం వరకే చేసి బుగ్గలు వదిలేసినా తప్పు లేదు. తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. అది రాయగానే మంట పుడితే చర్మం రక్షణ పొర దెబ్బతిని ఉండొచ్చు. ఓ రెండు వారాలు మెత్తటి క్లెన్సర్‌తో ఒక్కసారే కడగండి, మేకప్ మానండి.

వేపపూత

వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్సండీ. నీళ్లు గుమ్మరించడమే నేను చేస్తున్న పొరపాటు. రెండో కడుగుకు జెల్ బదులు సున్నిపిండి వాడొచ్చా?

జవాబు | నల్లనువ్వు

నువ్వులనూనెతో తలంటి సున్నిపిండితో నలుగు పెట్టడమూ రెండు మెట్ల శుభ్రతే. పిండి నూనెను పీల్చుకుని రాలుతుంది. కానీ అది పండగలకు, ఒంటికి. రోజూ ముఖానికి పెడితే, ఎంత జల్లించినా పిండి పలుకులు గీస్తాయి, మొటిమలున్న చోట మరీను. వాడి తీరాలంటే వస్త్రకాయం పట్టిన (పల్చటి గుడ్డలో జల్లించిన) పెసరపిండి చెంచాడు తీసుకుని, నీళ్లలో పల్చగా జారుగా కలిపి, ఆరనివ్వకుండా వెంటనే కడిగేయండి.

జవాబు | పనసతొన

ఇంకో రెండు ముక్కలు. రాత్రి రెటినాయిడ్ (విటమిన్ ఎ రకం) క్రీము రాసేవాళ్లు కడిగాక ముఖం పూర్తిగా ఆరేదాకా ఆగాలి, తడి మీద రాస్తే మంట పెరుగుతుంది. స్టిక్కర్ బొట్టు పెట్టుకునేవాళ్లు దాని జిగురు మీద కూడా ఆయిల్ క్లెన్సర్ చుక్క వేసి 30 సెకన్లు ఉంచండి, గోకకుండా వస్తుంది. ఆ చోట చర్మం తెల్లబడుతూ కనిపిస్తే జిగురులోని రసాయనం పడటం లేదేమో. బొట్టు మార్చి చూద్దామనుకోకుండా, స్టిక్కర్ వెంటనే మానేసి డాక్టరుకు చూపించండి.